కరిగిపోయే దారం

రెండేళ్ల క్రితం కొడవలి జారి మా నాన్న కాలు లోతుగా తెగింది. "పైకుట్లు విప్పాలి. లోపలివి వాటంతటవే కరిగిపోతాయి" అన్నారు డాక్టరుగారు. "కరిగే దారమేంట్రా?" అని నాన్న ఆశ్చర్యపోయాడు. అప్పుడు చెప్పలేకపోయాను గానీ తర్వాత చదివి తెలుసుకున్నాను. అలాంటి దారాల్లో పాలీడయాక్సనోన్ ఒకటి. ఒంట్లోని నీరే దాని పొడవాటి అణువులను తునకలు చేస్తుంది. దీన్నే జలవిశ్లేషణ అంటాం. 6 నుంచి 8 నెలల్లో దారం మాయమవుతుంది. గాయం మానేదాకా ఉండి తప్పుకునే ఈ దారం సైన్సు చేసిన గొప్ప మేలు.

అదే దారం ఇప్పుడు ముడతలకూ వచ్చింది. ముళ్లలాంటి కొక్కేలున్న దారాన్ని సూదితో చర్మం కింద దూర్చి, జారిన బుగ్గను పైకి లాగుతారు. 'ఆపరేషన్ లేకుండానే' అని ప్రకటనలు. కత్తి లేదు, నిజమే. సూదీ, మత్తు ఇంజెక్షనూ ఉన్నాయి కదా! చర్మం సొట్టపడొచ్చు, దారం పైకి కనబడొచ్చు, చీము పట్టొచ్చు. దారం చుట్టూ కొత్త కొల్లాజెన్ కొంత పుట్టినా, ఆ బిగువు సాధారణంగా ఏడాదికి అటూ ఇటూగా సడలిపోతుంది.

నాకెందుకీ గొడవంటారా? కిందటేడు కాలేజీ వార్షికోత్సవానికి మా అమ్మ వచ్చింది. "మీ నాయనమ్మా?" అన్నాడొక మిత్రుడు. అమ్మకు నలభై రెండేళ్లు. నేను నోరు మెదపలేదు. అమ్మ విన్నది. ఆ రాత్రి ఒక ప్రకటన చూసి, అమ్మకు చేయిస్తే ఎంతవుతుందోనని లెక్క వేసుకున్నాను కూడా. ఇంటికెళ్లి సంగతి చెబితే అమ్మ ఒకటే అడిగింది: "మరి కరిగిపోయాక?"

బీయస్సీ చదివే నాకు తట్టని ప్రశ్న అది.

మిత్రులారా! సొంత డబ్బుతో, అన్నీ తెలిసి చేయించుకునేవారిని నేను తప్పుపట్టను. కానీ ఎన్నాళ్లుంటుందో, ఏం వికటించవచ్చో కూడా ప్రకటనలో ధర ఎంత పెద్దక్షరాల్లో ఉంటుందో అంత పెద్దక్షరాల్లోనే వేయాలి. ముడత జబ్బు కాదు. మిరపచేలో పాతికేళ్లు ఎండకు నిలబడితే అతినీలలోహిత కిరణాలు చర్మంలోని కొల్లాజెన్ పోగులను దెబ్బతీస్తాయి. మా అమ్మ ముఖంలో జరిగింది అదే. నా ఫీజులు ఆ చేలోంచే వచ్చాయి. ఆమెకు ముందు కావలసింది మిట్టమధ్యాహ్నం కాస్త నీడ, తలమీద గుడ్డ, పనికి తోడు. సెలవుల్లో ఆ తోడు నేనే కావచ్చు.

అడిగిన మిత్రుడికి ఆనాడు ఇవ్వని జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ మా అమ్మ.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి