గృహవిద్య: పాకాచార్యుల చరిత్రము

మన యిండ్లలో నలపాకమనియు భీమపాకమనియు మెచ్చుకొనుటయే గాని, ఆ మెచ్చిన వంటలో ఉప్పెంత, పులుపెంత యని యడిగినచో ‘చేతికి తెలియు’నను సమాధానమే లభించును. ఆ చేయి పోయిననాడు ఆ విద్యయు పోవును.

కావున సోదరీమణులారా, పిల్లలకు రాజుల చరిత్రతోపాటు పాకవిద్యను మార్చినవారి చరిత్రయు నేర్పవలెనని మా మనవి. అయితే వల్లె వేయించుట చాలదు. ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క పాకాచార్యుని యప్పగించి, వారి జీవితమును వెదకించి, వారి పద్ధతిని పిల్లల చేతనే చేయించవలెను.

ఇందుకు ఫానీ ఫార్మరు చరిత్రము మిక్కిలి తగియున్నది. ఆమె 1857లో అమెరికాదేశపు బోస్టను నగరమున జన్మించెను. పదునారవ యేట పక్షవాతము సోకి చదువు నిలిచిపోయెను. పెక్కేండ్ల పిమ్మట ఆ నగరపు పాకవిద్యాలయమున చేరి, 1889లో పట్టము పొంది, తరువాత దానికే అధ్యక్షురాలయ్యెను. 1896లో ఆమె పాకగ్రంథమును అచ్చువేయుటకు ప్రకాశకులు సంశయించి, మొదటి మూడువేల ప్రతుల వ్యయమును ఆమెచేతనే పెట్టించిరి. ఆ గ్రంథమే పిమ్మట లక్షలకొలది ప్రతులు చెల్లెను. గుప్పెడు, చిటికెడు అను మాటలకు బదులు, గిన్నెను గాని చెంచాను గాని నింపి, కత్తితో అంచునకు సమముగా గీయు పద్ధతిని ఆమె వ్యాపింపజేసెను. రోగుల పథ్యమును గూర్చి 1904లో వేరొక గ్రంథమును వ్రాసెను. 1915లో మరణించుటకు ముందు చక్రముల కుర్చీయందు కూర్చుండియే బోధించుచుండెను.

ఈ చరిత్రము చదివిన పిల్లలు ఒకే గిద్దతో బియ్యపుపిండిని ఒకరు అదిమియు, ఒకరు కుప్పగాను, ఒకరు సమముగా గీసియు కొలిచి, మూడింటిని త్రాసున తూచవలెను. భేదము కంటికే తెలియును. పిదప తమ యింట అమ్మమ్మగారో నాయనమ్మగారో పులిహోర కలుపునపుడు ప్రక్కన కూర్చుండి, వారు చేతికి తీసిన చింతపండును, ఉప్పును, నూనెను పాత్రలో పడకముందే తూచి వ్రాసికొనవలెను. ఏది ముందు, ఏది వెనుక, ఎందుకట్లు అని యడుగవలెను. మరునాడు ఆ కాగితము చూచి తామే వండి, ఆ పెద్దలకే రుచి చూపవలెను. వారు పెదవి విరిచినచో, కాగితమున ఏమి తప్పిపోయినదో మరల వెదకవలెను. పరిశోధన యనగా నిదియే.

బాలురకు వంట యెందుకని కొందరు నవ్వుదురు. ఫ్రాన్సుదేశపు ఎస్కోఫియే (1846–1935) పదుమూడవ యేటనే బంధువుల భోజనశాలలో పని నేర్చి జగత్ప్రసిద్ధి గాంచెను. పురుషుడు వండినచో కళ, స్త్రీ వండినచో చాకిరి యను భావము పిల్లల మనస్సున నాటుకొనకముందే, ఇరువురను పొయ్యియొద్ద కూర్చుండబెట్టుట మేలు.

కాగితము పైన వండినవారి పేరును, ఊరును, సంవత్సరమును వ్రాయించుట మరువరాదు. ఫార్మరు పేరు ఆమె గ్రంథము వలన నిలిచినది. మన యిండ్లలోని పాకాచార్యుల పేర్లు పిల్లల వ్రాతపుస్తకముల వలన నిలువవలెను.