బోర్డు మీద ‘ఈత వద్దు’ అని మాత్రమే ఉంటే: ఫ్లోరిడా ట్రిప్‌లో మొసలి కనిపిస్తే ఏం చేయాలి? ఎవరికి ఫోన్ చేయాలి?

ఓర్లాండోలో నాలుగు రోజులకు అద్దెకు తీసుకున్న ఇల్లు. వెనకాల చిన్న కుంట, చుట్టూ పచ్చిక. డిస్నీ నుంచి తిరిగొచ్చిన పిల్లలు గట్టు మీద ఆడుకుంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య సాయంత్రం నడకకు బయల్దేరారు. నీళ్లలో నల్లగా ఒక దుంగ కనిపించింది. కాసేపటికి ఆ దుంగ కదిలింది.

ఫ్లోరిడాలో ఇది అరుదైన దృశ్యమేమీ కాదు. ఆ రాష్ట్రంలో సుమారు 13 లక్షల ఎలిగేటర్లు ఉన్నాయని అంచనా. మొత్తం 67 కౌంటీల్లో అవి లేని కౌంటీ ఒక్కటీ లేదు. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలు పిల్లల సెలవుల్లో, తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఎక్కువగా వెళ్లే చోట్లలో ఓర్లాండో, మయామీ కూడా ఉంటాయి. మరి మొసలి కనిపిస్తే ఏం చేయాలి? ఫోన్ చేస్తే ఎవరొస్తారు? వచ్చాక దాన్ని ఏం చేస్తారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

అది మొసలా, ఎలిగేటరా?

తెలుగులో రెండింటినీ మొసలి అనే అంటాం. మన దేశంలో మగ్గర్, ఉప్పునీటి మొసలి, ఘరియల్ అనే మూడు రకాలున్నాయి. ఎలిగేటర్ మాత్రం లేదు. ఎలిగేటర్ మూతి వెడల్పుగా, ముందు గుండ్రంగా ఉంటుంది. ఒళ్లు దాదాపు నలుపు. నోరు మూసుకుంటే కింది పళ్లు బయటికి కనిపించవు. దక్షిణ ఫ్లోరిడాలో అసలు మొసళ్లు కూడా ఉన్నాయి. ఎవర్‌గ్లేడ్స్‌లో రెండూ కలిసి బతుకుతాయి. దూరంగా ఉండాల్సిన మీకు ఈ తేడాతో పెద్దగా పని లేదు.

ఇళ్ల మధ్య కుంటలోకి ఎలా వస్తుంది?

ఫ్లోరిడా చదునైన నేల. వాన ఎక్కువ. కొత్త కాలనీ కట్టినా, హోటల్ కట్టినా వాన నీరు నిలవడానికి కుంటలు తవ్వుతారు. చూడ్డానికి అలంకారం కోసం తవ్విన చెరువుల్లా ఉంటాయి కానీ, అవి కాలువల ద్వారానో చిత్తడి నేలల మీదుగానో సహజమైన జలాశయాలకు దగ్గరగానే ఉంటాయి. ఎలిగేటర్ నేల మీద కూడా నడిచి ఒక కుంట నుంచి మరో కుంటకు వెళ్తుంది. నిన్న లేనిది ఇవాళ ఉండొచ్చు. ‘మూడు రోజులుగా చూస్తున్నాం, ఏమీ లేదు’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఒకప్పుడు తోలు కోసం విచ్చలవిడిగా వేటాడటంతో ఇవి బాగా తగ్గిపోయాయి. 1967లో అమెరికా ప్రభుత్వం వీటిని అంతరించిపోయే జాతుల జాబితాలో చేర్చింది. రక్షణ ఫలించి సంఖ్య పెరగడంతో 1987లో కోలుకున్న జాతిగా ప్రకటించింది. ఆ తర్వాత కూడా ఒకవైపు ఎలిగేటర్లు, మరోవైపు ఇళ్లు, హోటళ్లు పెరుగుతూ వచ్చాయి. రెండూ కోరుకునేది నీటి ఒడ్డునే.

ప్రమాదం నిజంగా ఎంత?

భయపడినంత లేదు. రాష్ట్ర వన్యప్రాణి సంస్థ లెక్కల ప్రకారం, మనిషి కవ్వించకుండానే ఎలిగేటర్ కరిచి, వైద్యం అవసరమైన ఘటనలు ఏడాదికి సగటున ఎనిమిది. ఫ్లోరిడాలో ఉండే మనిషి ఇలా తీవ్రంగా గాయపడే అవకాశం సుమారు 31 లక్షల్లో ఒకటి. 1948 నుంచి లెక్క తీస్తే చనిపోయినవాళ్లు పాతిక మంది పైచిలుకు.

అయితే ఈ సగటు అందరికీ ఒకేలా వర్తించదు. నీటి అంచున, చీకటి పడ్డాక, చిన్నపిల్లతోనో కుక్కతోనో ఉన్న మనిషికి ఉండే ప్రమాదం వేరు, థీమ్ పార్కు క్యూలో నిలబడిన మనిషికి ఉండేది వేరు. 2023 ఫిబ్రవరిలో ఫోర్ట్ పియర్స్‌లో 85 ఏళ్ల మహిళ తను ఉండే కాలనీలోనే చెరువు గట్టున కుక్కను నడిపిస్తుండగా ఎలిగేటర్ దాడిలో చనిపోయారు. ఆ ఎలిగేటర్ పొడవు పది అడుగులకు పైనే.

‘ఈత వద్దు’ అంటే ఏమిటి?

ఈ విషయంలో తప్పక తెలుసుకోవాల్సిన ఘటన ఒకటుంది. 2016 జూన్ 14 రాత్రి సుమారు 9 గంటలు. ఓర్లాండో దగ్గరి డిస్నీ రిసార్ట్‌లో, కృత్రిమంగా తీర్చిదిద్దిన ఇసుక తీరం. నెబ్రాస్కా నుంచి సెలవులకు వచ్చిన కుటుంబంలోని రెండేళ్ల బాబు నీటి అంచున, పాదాలు మునిగేంత లోతులో ఆడుకుంటున్నాడు. ఎలిగేటర్ వచ్చి పట్టుకుంది. తండ్రి దాని దవడలు విడదీయడానికి ప్రయత్నించినా సాధ్యం కాలేదు. మర్నాడు బాబు మృతదేహం దొరికింది.

ఆ తీరంలో బోర్డులు ఉన్నాయి. వాటి మీద ‘ఈత వద్దు’ అని ఉంది. ఎందుకు వద్దో లేదు, మొసలి మాటే లేదు. బాబు ఈత కొట్టలేదు, నీళ్లలో నిలబడ్డాడు, అంతే. ఈ ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే డిస్నీ అక్కడ కంచెలు కట్టి, ఎలిగేటర్లు, పాములు ఉంటాయని స్పష్టంగా చెప్పే బోర్డులు పెట్టింది.

ఈ ఘటన మనకు ఇంకా దగ్గరగా తగలాలి. ‘ఈత వద్దు’ అన్న బోర్డు చూస్తే, ఈత రాని మనం అది మన కోసం కాదనుకుంటాం. నది దగ్గరకు వెళ్తే కాళ్లు కడుక్కోవడం, నెత్తిన నాలుగు నీళ్లు చల్లుకోవడం, చేపలకు మరమరాలు వేయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాట్లు. పెద్దవాళ్లు ఆలోచించకుండానే చేసేస్తారు. ఫ్లోరిడాలో మంచినీటి కుంట దగ్గర ఈ మూడూ ప్రమాదమే. అక్కడ ‘ఈత వద్దు’ అన్న బోర్డును ‘అంచుకు రావద్దు’ అని చదువుకోవాలి. బోర్డే లేకపోతే మొసలి లేదని కాదు, బోర్డు పెట్టలేదని మాత్రమే అర్థం.

ఎవరికి ఫోన్ చేయాలి?

ఈ బాధ్యత చూసేది ఫ్లోరిడా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ కమిషన్. అక్కడ అందరూ ఎఫ్‌డబ్ల్యూసీ అంటారు. ఎలిగేటర్ల ఫిర్యాదుల కోసం ప్రత్యేక హాట్‌లైన్ ఉంది: 866-392-4286. ఎవరి మీదైనా దాడి జరిగినా, ప్రాణాపాయం ఉన్నా ముందు చేయాల్సింది మాత్రం 911కే.

కనిపించిన ప్రతి ఎలిగేటర్‌నూ పట్టుకోరు. రెండు విషయాలు చూస్తారు. ఒకటి, పొడవు కనీసం నాలుగు అడుగులు ఉండాలి. రెండు, అది మనుషులకో, పెంపుడు జంతువులకో, ఆస్తికో ముప్పు అని ఫిర్యాదు చేసినవాళ్లు భావించాలి. కుంట మధ్యలో తన మానాన తానున్నది ఈ లెక్కలోకి రాకపోవచ్చు. ఈత కొలనులోకి దూరినది, గుమ్మం ముందు పడుకున్నది, మనుషుల్ని చూసి పారిపోకుండా దగ్గరకొచ్చేది వస్తాయి.

టూరిస్టులకు తెలియని మెలిక ఇంకొకటుంది. ప్రైవేటు స్థలంలో అయితే యజమాని లేదా నిర్వాహకుల అనుమతి లేకుండా ఎలిగేటర్‌ను తొలగించరు. మీరు అద్దెకు దిగిన ఇల్లు ఒకరిది, వెనక కుంట కాలనీ అసోసియేషన్‌ది కావచ్చు. కాబట్టి హాట్‌లైన్‌తో పాటు ఇంటి యజమానికి, లేదా హోటల్ ఫ్రంట్ డెస్క్‌కు వెంటనే చెప్పండి. కచ్చితంగా ఎక్కడ కనిపించిందో, సుమారుగా ఎంత పొడవుందో, ఏం చేస్తోందో చెబితే చాలు. కొలత కోసం దగ్గరకు వెళ్లొద్దు.

ఫోన్ చేశాక ఏమవుతుంది?

ఎఫ్‌డబ్ల్యూసీ అనుమతి జారీ చేస్తే, కాంట్రాక్టు మీద పనిచేసే ట్రాపర్ వస్తారు. ఈయన నెల జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగి కాదు. సంస్థ ఇచ్చే మొత్తం చిన్నది, పట్టిన ఎలిగేటర్ తోలు, మాంసం అమ్ముకోవడం ద్వారా ఎక్కువ ఆదాయం వస్తుంది. ఈ ఏర్పాటు 1978 నుంచి ఉంది. ఇలా ఏటా కొన్ని వేల ఎలిగేటర్లను తొలగిస్తున్నారు.

పట్టుకెళ్లి అడవిలో వదిలేస్తారని చాలామంది అనుకుంటారు. అలా చేయరు. కొన్నింటిని ఎలిగేటర్ ఫారాలకో, జంతు ప్రదర్శనశాలలకో పంపుతారు. ఎక్కువ వాటిని చంపేస్తారు. దూరంగా వదిలితే ఎలిగేటర్ పాత చోటికే తిరిగి రావడానికి ప్రయత్నిస్తుంది. దారిలో రోడ్లు దాటుతుంది, ఇళ్ల మధ్యకు వస్తుంది. మారుమూల చిత్తడి నేలల్లో వదులుదామంటే అక్కడ ఇప్పటికే వేరే ఎలిగేటర్లు స్థిరపడి ఉంటాయి. వాటితో గొడవలు తప్పవు. అధికారులు చెప్పే కారణాలివే.

మన దగ్గర పద్ధతి వేరు. మగ్గర్‌కు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ ఉంది. ఊళ్లోకి వస్తే అటవీ శాఖ పట్టుకుని సాధారణంగా మరో చోట వదులుతుంది. తెలంగాణలోని మంజీర, శివ్వారం అభయారణ్యాలకు మొసళ్ల వల్లే పేరు. అదే అలవాటుతో ఫ్లోరిడాలో ఫోన్ చేసేవాళ్లకు ఫలితం వేరుగా ఉంటుందని తెలిసి ఉండాలి. ముప్పు ఉందంటే ఫోన్ చేయడానికి వెనకాడొద్దు. దూరంగా ఎండ కాగుతున్న దాన్ని చూసి సరదాకి మాత్రం చేయొద్దు.

ఒక్క బ్రెడ్డు ముక్క వేస్తే ఏమవుతుంది?

ఎలిగేటర్‌కు మామూలుగా మనిషంటే భయం. మనిషి అలికిడి అయితే నీళ్లలోకి జారుకుంటుంది. తిండి వేయడం మొదలుపెడితే ఆ భయం పోతుంది. మనిషి వచ్చాడంటే తిండి వచ్చిందని నేర్చుకుంటుంది. అందుకే ఫ్లోరిడాలో ఎలిగేటర్‌కు తిండి వేయడం చట్ట ప్రకారం నేరం, జరిమానా పడుతుంది. బాతులకని నీళ్లలో విసిరే బ్రెడ్డు, చేపలు శుభ్రం చేసి గట్టున పడేసే ముక్కలు కూడా వాటిని అంచుకు రప్పిస్తాయి.

మీరు ఫొటో కోసం ఒక ముక్క విసిరి మర్నాడు విమానం ఎక్కేస్తారు. ఎలిగేటర్ అక్కడే ఉంటుంది. వచ్చే వారం అదే ఇంట్లో దిగే కుటుంబం గట్టు మీదికి రాగానే అది ఎదురొస్తుంది. ఆ కుటుంబం ఫోన్ చేస్తే ట్రాపర్ వచ్చి దాన్ని చంపుతారు. ఫోన్ చేసేలోపే ఏదైనా జరిగితే అది ఇంకా ఘోరం.

ఏ సమయంలో ఎక్కువ జాగ్రత్త?

సూర్యాస్తమయం నుంచి తెల్లవారే దాకా ఎలిగేటర్లు చురుగ్గా ఉంటాయి. మనవాళ్ల నడకలన్నీ సరిగ్గా ఆ వేళల్లోనే. నీటి పక్క దారి కాకుండా కాలనీ రోడ్డు మీద నడవమని పెద్దవాళ్లకు చెప్పండి. వెచ్చగా ఉన్నప్పుడు, అంటే 28 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ మధ్య, వీటికి హుషారెక్కువ. ఏప్రిల్, మే, జూన్ జతకట్టే కాలం. జూన్ చివర్లో గుడ్లు పెడతాయి. గూడు కాపలా కాసే తల్లి దగ్గరకు ఎవరినీ రానివ్వదు. ఆగస్టు మధ్య నుంచి పిల్లలు బయటికొస్తాయి. అమెరికాలో స్కూళ్ల వేసవి సెలవులు కూడా ఈ నెలల్లోనే. డిసెంబరు చలిలో మందకొడిగా ఉంటాయి కానీ, ఎండ కాగడానికి గట్టెక్కుతాయి.

ఎదురుపడితే?

- ఆగి, మెల్లగా వెనక్కి జరగండి. ‘బుస్’ మని శబ్దం చేస్తే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టు.
- పిల్లల్ని ఎత్తుకోండి. కుక్కను గొలుసుతో దగ్గరకు లాక్కోండి. ఎలిగేటర్‌కు అది మామూలుగా తినే జంతువులాగే కనిపిస్తుంది.
- వెంటపడితే నేరుగా పరుగెత్తండి. వంకర టింకరగా పరుగెత్తాలన్నది వట్టి అపోహ. నేల మీద అది వేగంగా వచ్చినా ఎక్కువ దూరం రాదు.
- పట్టుకుంటే ఊరుకోవద్దు. అరవండి, కొట్టండి, తన్నండి, కళ్లలో పొడవండి. ప్రతిఘటిస్తే వదిలే అవకాశం ఉంది.
- చిన్న గాటైనా ఆసుపత్రికి వెళ్లండి. దాని కాటుతో తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చు.
- పిల్ల ఎలిగేటర్‌ను ముట్టుకోవద్దు. తల్లి అక్కడే ఉంటుంది, పైగా అది చట్టవిరుద్ధం కూడా.

ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో జంతువులకు కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలంటారు. టెక్సస్‌లో, హ్యూస్టన్ దగ్గరి బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్కులో 30 అడుగులు. లూసియానా, జార్జియా, సౌత్ కరోలినాల్లోనూ ఎలిగేటర్లున్నాయి. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖే చూసుకుంటుంది. ఫ్లోరిడా నంబరు అక్కడ పనిచేయదు.

బయల్దేరే ముందు చేయాల్సినవి రెండే. హాట్‌లైన్ నంబరు మీ ఫోన్‌లోనే కాదు, అమ్మానాన్నల ఫోన్లలోనూ సేవ్ చేయండి. దిగిన చోట వైఫై పాస్‌వర్డ్ అడిగేటప్పుడే ఇంకో ప్రశ్న కూడా అడగండి: ‘ఈ నీళ్లలో మొసళ్లు కనిపిస్తుంటాయా?’ ఫ్లోరిడాలో దానికి ‘లేదు’ అన్న జవాబు వచ్చినా, పిల్లల్ని మాత్రం అంచుకు పంపకండి.