కడుపులో బిడ్డకి రక్తం ఎక్కించే రోజులొచ్చాయి, మన తల్లుల కార్డులో గ్రూపు గడి ఇంకా ఖాళీయేనా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా మన అక్కలు, చెల్లెళ్లు.

పుట్టకముందే, కడుపులో ఉండగానే బిడ్డకి రక్తం ఎక్కించొచ్చని మనలో ఎంతమందికి తెలుసు? కొత్త సంగతేం కాదు. 1963లోనే న్యూజిలాండ్‌లో విలియం లైలీ అనే డాక్టరు చేసి చూపించాడు. ఇప్పుడైతే స్కానింగ్‌లో చూస్తూ, తల్లి పొట్ట మీద నుంచి సన్నటి సూదిని బొడ్డుతాడు రక్తనాళంలోకి పంపి ఓ నెగిటివ్ రక్తం ఎక్కిస్తారు. రెండు మూడు వారాలకోసారి మళ్లీ చెయ్యాలి. చెయ్యి తిరిగిన డాక్టర్లు చేస్తే పదిమంది బిడ్డల్లో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు.

అసలు కడుపులో బిడ్డకి రక్తం ఎందుకు తగ్గుద్ది? తల్లికి రక్తం తక్కువైతే ఐరన్ మాత్రలిస్తారు, అది వేరు. ఇది గ్రూపుల గొడవ. తల్లి నెగిటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావొచ్చు. మొదటి కాన్పు మామూలుగా బాగానే అయిపోద్ది. కానీ కాన్పులో బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒళ్లు దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. తర్వాత కడుపులో పడ్డ పాజిటివ్ బిడ్డ రక్తకణాలను అవి విరగ్గొట్టేస్తాయి. బిడ్డకి ఒళ్లంతా నీరు పట్టి, గుండె అలిసిపోయి, లోపలే పోవచ్చు.

మా పిన్నికి మొదటి కాన్పు బాగానే అయింది. తర్వాత ఇద్దరు కడుపులోనే పోయారు. ఊళ్లో గాలి సోకిందన్నారు, పిన్నినే తప్పు పట్టారు. ఆమెది నెగిటివ్ అని మూడోసారి పోయాకే చెప్పారు. మొదటి కాన్పు నాటి కార్డులో గ్రూపు గడి ఖాళీగా ఉంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట, ఆ కార్డు చదవగలిగింది కూడా నేనే మొదట.

అందుకే నేను అనేది ఒకటే. కడుపులో రక్తం ఎక్కించడం చివరి మెట్టు. మొదటి మెట్టు యాంటీ-డి ఇంజెక్షన్. నెగిటివ్ తల్లికి 28 వారాలప్పుడు ఒకటి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు ఇంకొకటి. గర్భం పోయినా వెయ్యాలి. ఒకసారి యాంటీబాడీలు వచ్చేశాక మాత్రం ఇది పనిచెయ్యదు. 1968 నుంచి ఉన్న మందు ఇది. ఇంట్లో కాన్పయి, మూడు రోజుల తర్వాత డోలీలో దిగొచ్చే తల్లికి ఆ 72 గంటలు ఎక్కడివి?

నెగిటివ్ వాళ్లు దేశంలో నూటికి ఐదుగురు అటూ ఇటూ, అంత తక్కువమందికి ఇంత గోలెందుకు అంటారు కొందరు. తక్కువమంది కాబట్టే ఎవరూ పట్టించుకోరు. తక్కువమంది కాబట్టే అందరికీ ఇంజెక్షన్ వెయ్యడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

మనం అడగాల్సినవి: ప్రతి పీహెచ్‌సీలో యాంటీ-డి నిల్వ ఉండాలి. నెగిటివ్ తల్లులకి కూంబ్స్ టెస్టు చెయ్యాలి. యాంటీబాడీలు ఉన్నాయని తేలితే విశాఖ పంపాలి. పంపడమంటే చీటీ రాసి చేతిలో పెట్టడం కాదు. బొబ్బిలి నుంచే వంద కిలోమీటర్లు దాటుద్ది, కొండ మీద ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. బండి, తోడుకి ఆశా అక్క, అక్కడ ఉండటానికి చోటు, అన్నీ కావాలి. సాలూరులో గిరిజన గర్భిణులకి వసతి గృహం పెట్టగలిగినప్పుడు ఇదీ చెయ్యొచ్చు.

మనం చెయ్యాల్సింది కూడా ఉంది. హాస్టల్లో అందరం గ్రూపు టెస్టు చేయించుకుందాం. నెగిటివ్ ఉన్నోళ్లు రక్తదాతలుగా పేరు రాయించుకోండి. ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు వదినదో, అక్కదో కార్డు తీసి గ్రూపు గడి చూడండి. ఖాళీగా ఉంటే ఏఎన్‌ఎం గారిని అడిగి, టెస్టు చేయించి, రాయించేదాకా కదలొద్దు.