బిడ్డకు అలర్జీ ఉంటే ఆపాల్సింది తల్లిపాలు కాదు

ఇది స్కాలర్‌షిప్ పోస్టు కాదు, నోటిఫికేషన్ పోస్టు కాదు. కొంచెం పొడుగే ఉంటది, ఓపికతో చదవండి. పాలు తాగే పసిపిల్లకు ఏదో తిండి పడట్లేదని తెలిస్తే తల్లి ఏం చేయాలి, ఇంటోళ్లు ఏం చేయాలి, మనం ఏం చేయాలి అన్నదే ముచ్చట.

"మగపోరనివి, హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుకునేటోనివి, నీకెందుకురా ఇది" అని కొందరు అనొచ్చు. మన ఇండ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది మనమే. ఆస్పత్రి కాగితం ఫోటో తీసి పంపేది మనకే. "డాక్టర్ ఇంగ్లిష్‌ల ఏం రాసిండో జర చూడు బిడ్డా" అని ఫోన్ చేసేది మనకే. మనం చదివేది బయాలజీనా, బీకామా అని వాళ్లు అడగరు. మనం ఏం చెప్తే అది ఇంట్ల నడుస్తది. అందుకే ఆ మాట సరిగ్గా తెలిసి చెప్పాలె.

నా అభిప్రాయం ముందే చెప్తా. బిడ్డకు అలర్జీ అనంగనే మన దగ్గర రెండు పనులు జరుగుతున్నయి. ఒకటి, తల్లిపాలు ఆపేసి డబ్బా పాలు పట్టుడు. రెండోది, తల్లి కంచంలకెళ్లి ఒక్కొక్కటి తీసేసి ఆమెను ఎండబెట్టుడు. చాలాసార్లు అలర్జీ కంటే ఈ రెండిటితోనే ఎక్కువ నష్టం.

మా ఇంట్ల జరిగిందే చెప్తా. మా అక్క బిడ్డకు మూడో నెల నడుస్తుంటే దొడ్డికి జిగటతో పాటు సన్నటి నెత్తురు చారలు కనిపించినయి. పిల్ల మంచిగనే ఆడుతుంది, పాలు తాగుతుంది, జ్వరం లేదు. టౌన్‌ల ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకపోతే "పాలు పడట్లేవు, తల్లిపాలు బంద్ చేసి ఇది పట్టుండ్రి" అని డబ్బా పేరు రాసిచ్చిండ్రు. తొమ్మిది రోజులు పట్టిండ్రు. బావ కూలి పైసలు డబ్బాలకే పోయినయి. నెత్తురు మాత్రం తగ్గలే, ఇంకింత ఎక్కువైంది.

తర్వాత సర్కారు దవాఖానల పిల్లల డాక్టరమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది: "ఈ డబ్బా పొడి దేనితో చేస్తరో తెల్సా?" మామూలు డబ్బా పాలపొడి తయారయ్యేది ఆవు పాలతోనే. పిల్లకు పడనిదీ ఆవు పాలల్ల ఉండే ప్రొటీనే. అంటే తల్లిపాలల్ల చుక్కంత వస్తున్నదాన్ని ఆపి, అదే వస్తువును సీసా నిండా పోసినట్టయింది.

ఇది ఎట్ల జరుగుతదో అర్థం చేసుకుందాం. తల్లి తిన్న తిండిలోని ప్రొటీన్లు చాలా కొద్ది మోతాదులో ఆమె పాలలోకి వస్తయి. ఎక్కువ మంది పిల్లలకు వాటితో ఏమీ కాదు. కొద్దిమంది పిల్లల శరీరం మాత్రం వాటిని శత్రువు లెక్క చూస్తది. అందులో ఆవు పాల ప్రొటీన్‌ది మొదటి స్థానం. ఆ తర్వాత గుడ్డు, సోయా, గోధుమ లాంటివి. డెన్మార్క్‌లో 1985లో పుట్టిన 1,749 మంది పిల్లలను గమనిస్తే 39 మందికి ఆవు పాల అలర్జీ తేలింది. వాళ్లలో తల్లిపాలు మాత్రమే తాగుతుండగా వచ్చింది 9 మందికి. అంటే వెయ్యికి ఐదుగురు. కాబట్టి పిల్ల ఏడ్చినా, కక్కినా, మొఖం మీద పొక్కులొచ్చినా ప్రతిదానికీ అలర్జీ అని పేరు పెట్టొద్దు. అట్లని నెత్తురు కనిపిస్తే ఊరుకోవద్దు, డాక్టర్‌కు చూపియ్యాలె.

ఇంకో గందరగోళం ఉంది. "లాక్టోజ్ పడట్లేదు" అనేది వేరు, ఆవు పాల అలర్జీ వేరు. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. అది తల్లి రొమ్ములోనే తయారైతది. ఆమె పాలు తాగినా, తాగకపోయినా అది ఉంటది. అలర్జీ ప్రొటీన్‌తో వస్తది. తండాలల్ల, గూడేలల్ల "ఆవు పాలు పడకపోతే మేక పాలు పట్టు, బర్రె పాలు పట్టు" అంటరు. వాటి ప్రొటీన్లు కూడా ఆవు పాల వాటికి చాలా దగ్గరగా ఉంటయి. ఆవు పాలు పడని పిల్లల్లో ఎక్కువ మందికి అవీ పడవు.

మరి ఏం చేసినం? డాక్టరమ్మ చెప్పినట్టు పిల్లను మళ్లీ రొమ్ముకు పెట్టింది అక్క. రెండు గంటలకోసారి, రాత్రి కూడా. పాలు పూర్తిగా వచ్చేదాకా అలర్జీ పిల్లలకు ఇచ్చే వేరే రకం పొడి కొద్దిరోజులు వాడినం. అక్క తిండిలకెళ్లి తీసేసింది ఒక్కటే, పాలు. అయితే పాలంటే గ్లాసుల పాలు ఒక్కటే కాదు. చాయ్, పెరుగు, మజ్జిగ, పాలపొడి కలిసిన బిస్కెట్లు, బ్రెడ్డు కూడా. మా అక్క గ్లాసుల పాలు ఎన్నడూ తాగలే, కానీ రోజుకు మూడుసార్లు చాయ్ తాగేది. మూడో వారానికి పిల్ల దొడ్డి మంచిగైంది. నెల తర్వాత డాక్టరమ్మే "రెండు రోజులు చాయ్ తాగి చూడు" అన్నది. చారలు మళ్లీ కనిపించినయి. అప్పుడు ఖాయమైంది.

ఈ పద్ధతి మా ఇంటి చిట్కా కాదు, వైద్యంలో ఉన్నదే. అనుమానం ఉన్న ఒక్క వస్తువును రెండు నుంచి నాలుగు వారాలు ఆపాలె. తగ్గిందా లేదా చూడాలె. తర్వాత మళ్లీ తిని పరీక్షించాలె. తగ్గకపోతే కారణం అది కాదు, ఆ వస్తువును తిరిగి తినొచ్చు. ఇదంతా డాక్టర్‌కు చెప్పి చేయాలె. చాలామంది పిల్లలకు ఏడాది నుంచి మూడేండ్లలోపు ఈ అలర్జీ పోతది కూడా.

మనోళ్లు ఎక్కువ దెబ్బతినేది తల్లి కంచం దగ్గర. మా దగ్గర బాలింతకు ముందే పథ్యం ఉంటది. కారంపొడి, వెల్లుల్లి, అన్నం. పప్పు వాతం, గుడ్డు వేడి, ఆకుకూర పిల్లకు విరేచనాలు అని ఒక్కొక్కటి పక్కకు పెడతరు. దాని మీద అలర్జీ మాట పడితే మిగిలేది ఏముంటది?

నేను ఉండేది లాలాగూడల. కాలేజీకి తార్నాక మీదంగనే పోతా. అక్కడ ఓయూ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్ ఉంది. 1918లో కూనూర్‌లో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్క కట్టేది వాళ్లే. 2020 లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ 600 కిలో కేలరీలు, సుమారు 17 గ్రాముల ప్రొటీన్ అదనంగా కావాలె. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద ఇచ్చే ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కలిపితే సుమారు 12 గ్రాముల ప్రొటీన్. అంటే "పాలు మానెయ్, గుడ్డు కూడా ఎందుకైనా మంచిది మానెయ్" అన్న ఒక్క మాటతో ఆమెకు అదనంగా కావాల్సిన దాంట్ల ముప్పావు వంతు దాకా పోతది.

అందుకే నా వాదన: ఏది తీసేసినా దాని జాగాల ఇంకోటి పెట్టాలె. పాలు తీసేస్తే పప్పు రెండు గరిటెలు, గుడ్డు పడితే గుడ్డు, ముండ్లతో తినే చిన్న చేపలు. కాల్షియంకు తైదల జావ. వంద గ్రాముల తైదలల్ల 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటది, అంతే బరువు పాలల్ల 120 చుట్టే. మన పెద్దోళ్లు తిన్న తిండే అది. అవసరమైతే డాక్టర్ కాల్షియం గోళీలు రాస్తరు.

సర్కారును కూడా అడగాలె. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణికి, కాన్పు తర్వాత ఆరు నెలల దాకా తల్లికి అంగన్‌వాడీ భోజనం హక్కు. బిడ్డ అలర్జీ వల్ల పాలు తాగలేని తల్లికి ఆ పాల బదులు ఇంకో గుడ్డో, పల్లి పట్టీయో ఇయ్యాలని అడుగుడు న్యాయమే. ఏడో నెల నుంచి పిల్లలకు ఇచ్చే బాలామృతం తయారయ్యేది తార్నాకకు దగ్గర్లనే ఉన్న నాచారంలో. అందులో గోధుమలు, శనగపప్పు, చక్కెర, నూనెతో పాటు పాలపొడి ఉంటది. ఆవు పాలు పడని పిల్లకు ఆ ప్యాకెట్ పనికిరాదు. పాలపొడి లేని ప్యాకెట్ ఇంకోటి ఎందుకు చేయరు? అటువంటి పిల్లలు తక్కువే కావొచ్చు. కానీ పట్నపోళ్లు దుకాణంలో వేరేది కొనుక్కుంటరు. గూడెంల ఆ ప్యాకెట్ తప్ప ఇంకోటి దొరకదు.

ఇంకో మాట. "ముందు జాగ్రత్తగా" పల్లీలు, గుడ్లు మానేసుడు కూడా వద్దు. అలర్జీ వచ్చే ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లల మీద లండన్‌ల చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. చిన్నప్పటి నుంచే పల్లీ తిన్న పిల్లల్లో ఐదేండ్లకు పల్లీ అలర్జీ సుమారు 80 శాతం తక్కువ కనిపించింది. ఆరు నెలలు నిండినంక మెత్తగా నూరి పెట్టాలె, గింజలు పెడితే గొంతుల ఇరుకుతయి. గజ్జి లెక్క చర్మం బాగా పాడైన పిల్లకైతే ముందు డాక్టర్‌ను అడగాలె.

ఇవి మాత్రం ఆగే విషయాలు కావు: మొఖం, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఆగకుండా కక్కి పిల్ల వాలిపోయినా, నెత్తురు ఎక్కువగా పోయినా వెంటనే 108కి ఫోన్ కొట్టాలె. వాట్సాప్‌ల అడిగే టైం కాదు అది.

ఇంట్ల కెళ్లి ఫోన్ వస్తే మూడు మాటలు అడగండి. ఎవరైనా తల్లిపాలు ఆపమన్నరా? డబ్బా రాస్తే అది ఏ పాలతో చేసింది? తల్లి పొద్దటి నుంచి ఏం తిన్నది? డబ్బా పాల ప్రకటనలను నిషేధించిన చట్టం 1992 నుంచే ఉంది, ప్రతి డబ్బా మీద తల్లిపాలే మేలని రాయాల్సిందే. ఆ అక్షరాలు చదివి చెప్పేది మన ఇంట్ల మనమే.

కామెంట్లల్ల వాదించండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అంతకంటే ముందు ఒక పని చేయండి. ఇది మీ అమ్మ చదవలేదు. గోర్ బోలిల, కోయల, గోండిల, మీ ఇంటి భాష ఏదైతే అందుల, రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చేసి మీ ఇంటి గ్రూపుల పెట్టండి.