ఇద్దరికి పడకపోతే శిక్ష పిల్లలకా?

మండల స్థాయి స్కూల్ గేమ్స్‌లో కబడ్డీ చూసినోళ్లకు ఎరుకే. కోర్టుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు అంపైర్లు. వాళ్ల పైన రిఫరీ. విజిల్ పట్టేది చాలావరకు మన పీఈటీ సార్లు, మేడాలే. పొద్దున పిల్లల్ని బస్సెక్కించుకొని వచ్చి, పగలంతా ఎండల నిలబడతరు. వాళ్లను కించపరిచేందుకు ఇది రాస్తలేను. నేనూ ఆ ఎండల నిలబడ్డోణ్నే. కొన్నేండ్లు డ్యూటీ చార్టు కూడా రాసిన.

అసలు లొల్లంతా ఆ చార్టు కాడనే. ‘ఫలానా సారుతోని నన్ను వెయ్యకుండ్రి’ అని చెవిల చెప్పిపోతరు. ఎందుకని అడిగితే జవాబుండదు.

ఒకసారి నేనే తప్పు చేసిన. ఇద్దరు సార్లకు సీనియారిటీ లిస్టు కాడ మొదలైన పంచాయితి మాటలు బందయ్యేదాక పోయింది. సంగతి తెలిసి కూడా, పెద్దమనుషులు కదా సర్దుకుంటరులే అని బాలికల సెమీఫైనల్‌కు ఇద్దర్నీ వేసిన. ఆఖరి నిమిషంలో రైడర్ పిల్ల బోనస్ గీత మీదికి కాలు చాపింది. ఒకాయన పాయింటని చెయ్యి లేపిండు. ఇంకొకాయన కాదని తల ఊపిండు. అంపైర్లకు కుదరకపోతే రిఫరీ తేల్చాలె, అది నిబంధన. రిఫరీ పిలిస్తే ఇద్దరూ ఆయనకే చెప్పుకున్నరు తప్ప, ‘నీకేం కనబడ్డది’ అని ఒకర్నొకరు అడగలేదు. పాయింటు ఇయ్యలేదు. ఒక్క పాయింటుతో ఓడి ఆ జట్టు ఇంటిదారి పట్టింది. కాలు గీత దాటిందో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు. గీత దగ్గర నిలబడ్డ సారును పక్క సారు అడిగి ఉంటే తేలేది.

మరి అడిగినోళ్లందర్నీ విడదీస్తే సరిపోతదా? సరిపోదు. ఎవరు గట్టిగ అలిగితే వాళ్లకు నచ్చిన జోడీ దొరుకుతది. నోరులేని సారుకు ఎవరికీ పడనాయనతోనే రోజంతా డ్యూటీ. ఇదేం న్యాయం? పాణమోలె కలిసుండే ఇద్దర్ని వేసినా ఇంకో ముప్పు. ఒకరి తప్పును ఇంకొకరు కప్పిపెడతరు.

కారణం అడగాలె. అలక అయితే చిన్న లీగ్ మ్యాచ్‌ల వెయ్యండి, గట్టి సీనియర్‌ను రిఫరీగ పెట్టండి, ఆటకు ముందు ముగ్గుర్ని కూసోబెట్టి ఏ గీత ఎవరిదో మాట్లాడించండి. నాకౌటుకు మాత్రం వద్దు. కానీ ఒక మేడం ‘ఆయనతోని నేను నిలబడ’ అంటే అది అలకని కొట్టిపారేస్తే ఊకునేది లేదు. వేధింపును ‘పడకపోవుడు’ అని పిలిచే అలవాటు మన స్టాఫ్‌రూముల్ల పాతదే. ఆ మేడంను సాక్ష్యాలు అడగకుండ అక్కడికక్కడే జోడీ మార్చాలె. డ్యూటీ పోవాల్సి వస్తే ఆమెది కాదు, ఆయనది పోవాలె. ఫిర్యాదు సంగతి తర్వాత విడిగ నడవాలె.

ఫిఫా అంతటిది కూడా 2006 ప్రపంచకప్‌కు రిఫరీని, ఇద్దరు అసిస్టెంట్లను ఒకే దేశం నుంచో ఒకే ఖండ సమాఖ్య నుంచో ముగ్గురి జట్టుగ ఎంపిక చేసింది. కలిసి పనిచేసే అలవాటు, ఒకరి మాట ఒకరికి అర్థమయ్యుడు తీర్పులకు అవసరమని వాళ్లకు తెలిసింది. మనకు అంత ఖర్చెందుకు? ఒక తెల్లకాగితం చాలు. చార్టు రాసేముందు ప్రతి ఒక్కర్నీ విడిగ పిలిచి, ఎవరితో వద్దు, ఎందుకు వద్దు అని రాసుకోవాలె. ఆ కాగితం కన్వీనర్ జేబుల నుంచి బయటికి రావద్దు.