గుద్ది ఆపే పద్ధతి
పారిపోతున్న కారు వెనక చక్రం పక్కన పోలీసు కారు తన ముందు మూలను ఆనించి స్టీరింగ్‌ను అటే తిప్పితే, వెనక టైర్లు పట్టు తప్పి ఆ కారు గిర్రున తిరిగి ఆగుతుంది. అమెరికాలో దీన్ని ‘పిట్’ అంటారు. దీనికి తక్కువ వేగం, ఖాళీ రోడ్డు కావాలి. 2001లో జార్జియాలో ఇందుకు అనుమతి పొందిన పోలీసు, వేగం మరీ ఎక్కువని నేరుగా బంపర్‌నే గుద్దాడు; ఆ కారు నడుపుతున్న 19 ఏళ్ల కుర్రాడికి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. 2007లో అమెరికా సుప్రీంకోర్టు పోలీసునే సమర్థించడం బాధాకరం. మన హైదరాబాద్‌లో, గుడిమల్కాపూర్ లాంటి చోట అంత ఖాళీ ఎక్కడిది? తెల్లవారకముందే పూల మార్కెట్ దగ్గర బంతిపూల మూటలు దించే ఆటోలు, వాటి చుట్టూ హమాలీలు. అదుపు తప్పిన కారు దూసుకెళ్లేది వాళ్ల మీదికే. బైకు మీద పారిపోయేవాడి విషయంలో ఈ పద్ధతి ఊసే ఎత్తకూడదు. బండి నంబరు దొరికాక వెంటపడటం మాని, వైర్‌లెస్‌లో మెహిదీపట్నం వైపు కబురు పంపి ముందే దారి మూయించడం ఇక్కడ పోలీసులు చేయాల్సిన పని.