కుటుంబ వేదిక: పెరటి రైలు ప్రక్కన చిన్న వాగు



సెలవులలో పిల్లలను ఇంటిపట్టున ఉంచడం ఎలాగని చాలామంది తల్లులు అడుగుతుంటారు. పెరడు ఉన్నవారు బొమ్మరైలుకు పట్టాలు వేసి, ప్రక్కన చిన్న వాగు కట్టి చూడండి. తండ్రి, పిల్లలు కలిసి చేయదగిన పని.

విశాఖవాసులమైన మనకు మాదిరి కొరకు దూరం పోనక్కరలేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం సొరంగాలు, వంతెనలు దాటుతూ అనంతగిరి కొండలెక్కుతుంది. అక్కడి బొర్రా గుహల గుండా వచ్చే గోస్తని నది తాటిపూడి జలాశయం చేరి, నగరానికి త్రాగునీరిచ్చి, భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. ఈ కొండను, వంతెనను, వాగును పెరటిలో కట్టిన పిల్లలకు తాము త్రాగే నీటి దారి తెలుస్తుంది.

ముందుగా పల్లమైన చోట గుంట త్రవ్వి, మందపాటి టార్పాలిన్ పరచండి. దాని అంచు చుట్టూ నీటి మట్టంకంటే నాలుగు అంగుళాలైనా ఎత్తు ఉండాలి. లేనియెడల పట్టాల క్రింది మట్టి తడిసి క్రుంగుతుంది. త్రవ్విన మట్టితోనే కొండ చేయండి. కూలర్లలో వాడే చిన్న పంపును గుంటలో ఉంచి, గొట్టం ద్వారా నీటిని కొండపైకి పంపితే, అది రాళ్లమీదుగా మరల గుంటలోనికే వస్తుంది. పంపు ఆపగానే కాలువలోని నీరంతా క్రిందికి దిగుతుంది గనుక గుంటను అంచుదాక నింపవద్దు. మన ఉప్పుగాలికి ఇనుప పట్టాలు త్రుప్పు పడతాయి. దొరికితే ఇత్తడివి మేలు.

అయితే, ప్రియులారా, నీరు నిలిపినవారికి బాధ్యత కూడ ఉన్నది. గోతిని త్రవ్వి మూయకుండ విడిచిన వాడు, అందులో ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినయెడల, ఆ నష్టం తానే భరించాలని నిర్గమకాండము 21:33, 34లో దేవుడు కట్టడ చేసెను. పశువు విషయమై ఇంత చెప్పిన దేవుడు పసిబిడ్డ విషయమై మనలను అడుగకుండునా? నడక నేర్చే బిడ్డ ప్రాణం పోవడానికి జానెడు నీరు చాలు. ఆ బిడ్డ మన ఇంటిదే కానక్కరలేదు, గేటు తీసి ఉంటే లోపలికి వచ్చిన పొరుగింటిది కావచ్చును. కాబట్టి గుంటపై గట్టి స్టీలు జాలీ బిగించి, దానిమీద గులకరాళ్లు పేర్చండి. పైకి వాగు కనిపిస్తుంది గాని నీరు తెరచి ఉండదు. జాలీ ఉన్నదని పెద్దలు ప్రక్కనుండి లేచి పోవద్దు.

దోమ కూడ గోడ దాటి పొరుగింటికి పోతుంది. డెంగీ దోమ నిలువ ఉన్న మంచినీటిలోనే పెరుగుతుంది. గ్రుడ్డు రెక్కల దోమ కావడానికి వారం, పది దినాలు చాలు. అందుచేత వారానికొకసారి, ఆరోగ్య సిబ్బంది చెప్పే శుక్రవారం డ్రై డే నాడైనా సరే, నీరంతా తోడి మొక్కలకు పోయండి. గ్రుడ్లు అంచులకు అంటుకొని ఎండినా బ్రదికి ఉంటాయి గనుక బ్రష్షుతో రుద్దండి. ఊరు వెళ్లేటప్పుడు గుంట ఖాళీగా ఉంచండి.

కరెంటు పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించి, షాకు తగిలితే సరఫరా ఆపే బ్రేకరు పెట్టించండి. ప్లగ్గు తీయకుండా నీటిలో చేయి పెట్టవద్దు.

జాలీ బిగించేటప్పుడు పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని, అది ఎందుకో చెప్పండి. పొరుగువానిని ప్రేమించడం అంటే ఏమిటో సండేస్కూలులో విన్న పాఠం అక్కడ వారి చేతికి అందుతుంది. ప్రభువు మీ పిల్లలను, మీ పొరుగువారి పిల్లలను కాపాడును గాక. ఆమేన్.